భాగం – 12 : విలాస హోటళ్ల పరిశ్రమలో కార్పొరేట్ సామాజిక బాధ్యత – ఒక విమర్శనాత్మక పరిశీలన

12.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని అధ్యయనం చేసిన తరవాత మీరు:

• కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ విలాస హోటళ్లకు ఎలా వర్తిస్తుందో, ఎక్కడ వర్తించకుండా పోతుందో వివరించగలుగుతారు.
• బాధ్యతకూ, ప్రచారానికీ మధ్య ఉన్న తేడాను ఉదాహరణలతో గుర్తించగలుగుతారు.
• హోటల్ కంపెనీ ప్రచురించే సామాజిక బాధ్యతా నివేదికను ప్రశ్నిస్తూ చదవగలుగుతారు.

12.1 ప్రవేశిక

కిందటి భాగంలో వ్యాపార సంస్థల సామాజిక బాధ్యత అనే భావన ఎలా పుట్టిందో, దాన్ని సమర్థించేవారూ వ్యతిరేకించేవారూ ఏమంటారో తెలుసుకొన్నారు. ఈ భాగంలో ఆ భావనను ఒకే ఒక పరిశ్రమకు అన్వయించి చూద్దాం. ఆ పరిశ్రమ విలాస హోటళ్లది. వాడుకలో మనం వీటిని ఫైవ్ స్టార్ హోటళ్లు అంటాం.

ఈ పరిశ్రమనే ఎందుకు ఎంచుకొన్నానో మొదట చెప్పాలి. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక ఆదివారం అధ్యయన కేంద్రంలో సంపర్క తరగతి తీసుకొంటున్నాను. ఆ రోజు పాఠం సామాజిక బాధ్యతే. పాఠం అయ్యాక వెనక బెంచీలోంచి ఒక విద్యార్థి లేచాడు. అతను నగరంలో ఒక పెద్ద హోటల్ లాండ్రీలో కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నాడు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా తరగతికి వచ్చాడు. "సార్, మా హోటల్ లాబీలో బాధ్యత గల హోటల్ అని బోర్డు ఉంది. చెట్లు నాటుతారు, బడికి బల్లలిస్తారు. అది నిజమే, నేను చూశాను. కానీ మూడేళ్లుగా నా జీతంలో పి.ఎఫ్. కోస్తున్నారు, అది ఎక్కడ జమ అవుతుందో ఎవరూ చెప్పరు. పరీక్షలో ఈ రెండిట్లో ఏది రాయాలి?" అని అడిగాడు.

నేను నల్లబల్లమీద నాలుగు మెట్ల పటం వేసి, పాఠ్యపుస్తకంలో ఉన్నది చెప్పి ఊరుకొన్నాను. అతను మర్యాదగా తల ఊపి కూర్చొన్నాడు. నేను చెప్పింది జవాబు కాదని నాకు ఆ రోజే తెలుసు. ఈ భాగం రాసే అవకాశం వచ్చినప్పుడు ఆ ప్రశ్ననే ముందు పెట్టుకొన్నాను. మీలో కూడా హోటళ్లలో, బాంక్వెట్ హాళ్లలో, సెక్యూరిటీలో పనిచేస్తూ చదువుకొంటున్నవారు ఉంటారు. ఈ పాఠం మీకు పరీక్షకు మాత్రమే పనికివచ్చేది కాకూడదు.

విలాస హోటల్ అంటే ఏమిటి? నక్షత్రాల లెక్క ఒక నిర్వచనం. ఇంకో నిర్వచనం కూడా ఉంది. అతిథి ఒక్క రాత్రికి కట్టే గది అద్దె, ఎన్నో చోట్ల ఆ గదిలో దుప్పటి మార్చే మనిషి నెల జీతంకంటే ఎక్కువ. ఇద్దరూ రోజూ ఒకే గదిలోకి వస్తారు. ఇంత దగ్గరగా ఇంత దూరం ఉన్న పరిశ్రమలు తక్కువ. కనకనే ఇక్కడ సామాజిక బాధ్యత అనే మాటకు పరీక్ష కఠినంగా ఉంటుంది.

12.2 చట్టం ఏం చెబుతుంది?

భారతదేశంలో సామాజిక బాధ్యతపై ఖర్చును చట్టంలో చేర్చింది కంపెనీల చట్టం, 2013. ఇందులోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో కింది మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ కంపెనీకి ఈ సెక్షన్ వర్తిస్తుంది.

(అ) నికర విలువ రూ. 500 కోట్లు లేదా అంతకు మించి ఉండటం
(ఆ) టర్నోవర్ రూ. 1,000 కోట్లు లేదా అంతకు మించి ఉండటం
(ఇ) నికర లాభం రూ. 5 కోట్లు లేదా అంతకు మించి ఉండటం

అలాంటి కంపెనీ గత మూడు ఆర్థిక సంవత్సరాల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యతా కార్యక్రమాలపై ఖర్చు చేయాలి. ఏయే కార్యక్రమాలు లెక్కలోకి వస్తాయో ఏడవ షెడ్యూలు చెబుతుంది. విద్య, వృత్తి నైపుణ్యాలు, ఆరోగ్యం, పారిశుద్ధ్యం, పర్యావరణం, చారిత్రక కట్టడాల పరిరక్షణ వంటివి ఇందులో ఉన్నాయి. ఖర్చు చేయని మొత్తాన్ని నిర్ణీత నిధికి బదిలీ చేయాలనీ, చేయకపోతే జరిమానా ఉంటుందనీ చెప్పే సవరణలు 2021 జనవరి నుంచి అమలవుతున్నాయి.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూడండి. ఒక హోటల్ కంపెనీకి వరసగా మూడేళ్ల నికర లాభం రూ. 40 కోట్లు, 50 కోట్లు, 60 కోట్లు అనుకొందాం. సగటు 50 కోట్లు. అందులో 2 శాతం అంటే ఒక కోటి రూపాయలు. ఇంతవరకు లెక్క సులువే.

ఇప్పుడు ఇదే కంపెనీకి కోవిడ్ వంటి విపత్తు వచ్చిందనుకోండి. మూడేళ్ల ఫలితాలు: లాభం 60 కోట్లు, నష్టం 90 కోట్లు, లాభం 15 కోట్లు. మొత్తం కలిపితే 15 కోట్ల నష్టం. చట్టంలోని లాభం లెక్కింపు నియమాల వివరాలను పక్కనపెట్టి స్థూలంగా చూస్తే, సగటు సున్నాకంటే తక్కువ. కాబట్టి ఖర్చు చేయవలసింది ఏమీ లేదు. అంటే చుట్టుపక్కల ప్రజలకు సహాయం ఎక్కువగా అవసరమైన కాలంలోనే చట్టబద్ధమైన బాధ్యత ఆవిరైపోతుంది. ఇది కంపెనీ చేసిన తప్పు కాదు. బాధ్యతను లాభంలో శాతంగా కొలవడంలోనే ఉన్న పరిమితి ఇది.

ఈ పరిమితి విలాస హోటళ్ల విషయంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. నగరం నడిబొడ్డున స్థలం, భవనం, లోపలి అలంకరణ – వీటికి పెట్టుబడి విపరీతంగా కావాలి. ఆ అప్పుమీద వడ్డీ, ఆస్తులమీద తరుగుదల లాభాన్ని చాలా ఏళ్లపాటు తినేస్తాయి. హోటల్ నిండా అతిథులు ఉండవచ్చు, ఖాతాల్లో లాభం మాత్రం పలచగా ఉండవచ్చు.

రెండవ కారణం యాజమాన్య స్వరూపం. గేటుమీద కనిపించే పేరు ఒక కంపెనీది, భవనం ఇంకో కంపెనీది కావడం ఈ పరిశ్రమలో మామూలు. దీన్ని మేనేజ్‌మెంట్ ఒప్పందం అంటారు. పేరు గల కంపెనీ హోటల్‌ను నడిపి ఫీజు తీసుకొంటుంది. జీతాలు, కరెంటు బిల్లు, మరమ్మతులు సాధారణంగా భవన యజమాని ఖాతాలో పడతాయి. 135వ సెక్షన్ ఈ రెండు కంపెనీలనూ విడివిడిగా చూస్తుంది. అతిథి మాత్రం ఒకే హోటల్‌ను చూస్తాడు. బోర్డుమీది బాధ్యత ఒకరిది, జీతాల రిజిస్టరు ఇంకొకరిది అయినప్పుడు ప్రశ్న ఎవరిని అడగాలన్నది కార్మికుడికి తెలియదు. లాండ్రీ విద్యార్థి విషయంలో మధ్యలో కాంట్రాక్టరు కూడా ఉన్నాడు. అంటే మూడో తలుపు.

12.3 నాలుగు మెట్లు – పై మెట్టు నుంచి ఎక్కవచ్చా?

ఆర్చీ కారల్ 1991లో ప్రతిపాదించిన పిరమిడ్ మీకు గుర్తుండే ఉంటుంది. అట్టడుగున ఆర్థిక బాధ్యత, దానిపైన చట్టబద్ధమైన బాధ్యత, ఆపైన నైతిక బాధ్యత, శిఖరాన దాతృత్వ బాధ్యత. పరీక్షల్లో చాలామంది ఈ పటాన్ని చక్కగా గీస్తారు. అయితే దాన్ని విమర్శకు ఎలా వాడాలో తక్కువమంది రాస్తారు.

పటం చెప్పే ముఖ్యమైన విషయం ఇది: కింది మెట్లను వదిలి పై మెట్టు మీద నిలబడటం కుదరదు. దాతృత్వం చట్టానికి బదులు కాదు. పునాది లేని గోడకు సున్నం కొట్టినట్లే అవుతుంది.

దీనికి మన దేశంలోనే ఒక గట్టి ఉదాహరణ ఉంది. కేరళలోని ఆలప్పుళ జిల్లాలో వేంబనాడ్ సరస్సులో నెడియతురుత్తు అనే చిన్న దీవి ఉంది. అక్కడ కాపికో అనే సంస్థ 54 విల్లాలతో ఒక విలాస రిసార్టును నిర్మించింది. సరస్సులో వలలు కట్టుకొని బతికే మత్స్యకారులు తమ జీవనాధారం పోయిందని న్యాయస్థానానికి వెళ్లారు. తీరప్రాంత నియంత్రణ మండలి నిబంధనలను ఉల్లంఘించి కట్టారన్న కారణంతో కేరళ హైకోర్టు 2013లో కూల్చివేతకు ఆదేశించింది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. 2022లో కూల్చివేత మొదలైంది.

ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి. అలాంటి చోట కట్టిన రిసార్టు ఏదైనా, చుట్టుపక్కల గ్రామాల పిల్లలకు పుస్తకాలు పంచితే దాన్ని బాధ్యత గల సంస్థ అనగలమా? అనలేం. వలలు పోయిన తండ్రికి, కొడుకు చేతిలోని పుస్తకం పరిహారం కాదు. లాభం సంపాదించడమే వ్యాపారి బాధ్యత అని 1970లో వాదించిన మిల్టన్ ఫ్రీడ్‌మన్ కూడా ఆట నియమాలకు లోబడే సంపాదించాలన్నాడు. అంటే సామాజిక బాధ్యతను వ్యతిరేకించేవారి కొలబద్దతో చూసినా ఇలాంటి నిర్మాణం నిలవదు.

12.4 తువ్వాలు పక్కన చీటీ

మీరు ఎప్పుడైనా స్టార్ హోటల్‌లో బస చేసినా, అక్కడ పనిచేసినా స్నానాల గదిలో ఒక చిన్న చీటీని చూసి ఉంటారు. నీటిని కాపాడటానికి తువ్వాలును మళ్లీ వాడండి అని అందులో ఉంటుంది. ఈ చీటీకి ఒక చరిత్ర ఉంది.

అమెరికాకు చెందిన జే వెస్టర్‌వెల్డ్ అనే పర్యావరణవాది 1980ల్లో ఫిజీ దీవుల్లో ఒక రిసార్టులో ఇలాంటి చీటీ చూశాడు. ఒకవైపు సముద్రాన్ని కాపాడటానికి తువ్వాలు మళ్లీ వాడమంటూనే, మరోవైపు ఆ రిసార్టు కొత్త కాటేజీలు కడుతూ విస్తరిస్తోంది. 1986లో రాసిన వ్యాసంలో అతను ఈ ధోరణికి 'గ్రీన్‌వాష్' అని పేరు పెట్టాడు. తెలుగులో దీన్ని పచ్చపూత అనవచ్చు. ఇవాళ చమురు కంపెనీలకూ, బట్టల కంపెనీలకూ వాడుతున్న ఈ మాట హోటల్ స్నానాల గదిలో పుట్టిందన్నది మీరు గుర్తుంచుకోదగిన విషయం.

అయితే విమర్శ అంటే తిట్టడం కాదు. చీటీ పనిచేస్తుందా లేదా అన్నది కూడా చూడాలి. గోల్డ్‌స్టెయిన్, చాల్డీని, గ్రిస్కెవిసియస్ అనే పరిశోధకులు అమెరికాలోని ఒక హోటల్‌లో చేసిన ప్రయోగ ఫలితాలను 2008లో ప్రచురించారు. పర్యావరణాన్ని కాపాడండి అని మాత్రమే రాసిన గదుల్లో సుమారు 35 శాతం మంది తువ్వాలు మళ్లీ వాడారు. తోటి అతిథుల్లో ఎక్కువమంది అలా చేస్తున్నారని రాసిన గదుల్లో అది సుమారు 44 శాతానికి పెరిగింది. కాబట్టి చీటీ ఉత్త బూటకం కాదు. నీరు, సబ్బు, కరెంటు నిజంగానే ఆదా అవుతాయి.

విమర్శకుడి ప్రశ్న ఇక్కడినుంచి మొదలవుతుంది. ఆ ఆదా ఎవరికి చేరింది? త్యాగం అతిథిది, మిగులు హోటల్‌ది. నిజానికి ఇది మంచి పొదుపు. పొదుపును పొదుపు అని చెబితే తప్పు లేదు. దాన్ని సేవగా చూపినప్పుడే అభ్యంతరం. ఇంకో సంగతి కూడా ఉంది. ఉతకవలసిన బట్టలు తగ్గితే లాండ్రీలో చేతుల అవసరం కూడా తగ్గవచ్చు. ఆ చేతులకు వేరే పని చూపించారా అన్నది ఏ చీటీమీదా ఉండదు.

12.5 భవనానికి ధ్రువపత్రం, మనిషికి?

మన దేశంలోని పెద్ద హోటల్ సంస్థలు పర్యావరణ విషయంలో చేసిన పని తక్కువేమీ కాదు. ఐటీసీ హోటళ్లు 'రెస్పాన్సిబుల్ లగ్జరీ', అంటే బాధ్యతాయుత విలాసం అనే నినాదాన్ని తమ గుర్తుగా చేసుకొన్నాయి. చెన్నైలోని ఐటీసీ గ్రాండ్ చోళ వంటి హోటళ్లకు హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం ధ్రువపత్రం ఉంది. తాజ్ హోటళ్లను నడిపే ఇండియన్ హోటల్స్ కంపెనీ 2022లో 'పాథ్య' అనే కార్యక్రమాన్ని ప్రకటించి, తాను వాడే శక్తిలో సగాన్ని 2030 నాటికి పునరుత్పాదక వనరుల నుంచి పొందాలని లక్ష్యంగా పెట్టుకొంది. గడువు చెప్పి అంకె చెప్పడం మెచ్చుకోదగిన పద్ధతి. ఎందుకంటే 2030లో ఎవరైనా వెళ్లి అడగవచ్చు.

అయితే లీడ్ వంటి ధ్రువపత్రం ప్రధానంగా భవనాన్ని కొలుస్తుంది. కరెంటు ఎంత, నీరు ఎంత, కట్టడానికి ఏ సామగ్రి వాడారు అన్నది చూస్తుంది. అందులో పనిచేసే మనిషి జీతం ఎంత, ఎన్ని గంటలు నిలబడుతున్నాడు అన్నది దాని ముఖ్య విషయం కాదు. అది ధ్రువపత్రం లోపం కాదు. భవనానికి వచ్చిన మార్కులను సంస్థ మొత్తానికి వచ్చిన మార్కులుగా చదవడం మన లోపం.

మరో మెలిక కూడా ఉంది. మురుగునీటి శుద్ధి, వాన నీటి సేకరణ, చెత్తను వేరుచేయడం వంటివి చాలావరకు నిబంధనల్లోనే ఉన్నాయి. కేంద్ర పర్యాటక శాఖ నక్షత్ర హోదా ఇచ్చేటప్పుడు కూడా పర్యావరణ హిత ఏర్పాట్లను పరిశీలిస్తుంది. తప్పనిసరిగా చేయవలసిన పనిని ఉదారంగా చేసిన పనిగా నివేదికలో చూపితే, మీరు దాన్ని రెండవ మెట్టుకు దించి చదవాలి.

వారసత్వ భవనాల సంగతీ ఇంతే. హైదరాబాద్‌లోని ఫలక్‌నుమా ప్యాలెస్‌ను పైగా వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా కట్టించాడు. తరవాత అది ఆరవ నిజాం చేతికి వచ్చింది. దీర్ఘకాలం మరమ్మతులు చేసి 2010లో తాజ్ సంస్థ దాన్ని హోటల్‌గా తెరిచింది. ఒక గొప్ప కట్టడం శిథిలం కాకుండా నిలిచింది. ఇది సమాజానికి లాభమే. కానీ ఇది సామాజిక బాధ్యతా వ్యయమా? కాదు. చారిత్రక కట్టడాల పునరుద్ధరణ ఏడవ షెడ్యూలులో ఉన్నప్పటికీ, తన మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనిని కంపెనీ ఈ పద్దు కింద చూపరాదని నిబంధనలు చెబుతున్నాయి. వ్యాపారం వల్ల సమాజానికి కలిగే మేలు వేరు, బాధ్యతగా చేసే ఖర్చు వేరు. రెండూ మంచివే కావచ్చు. పద్దులు మాత్రం కలపకూడదు.

12.6 2008 నవంబర్ – చట్టం లేనప్పటి బాధ్యత

ముంబైలోని తాజ్‌మహల్ ప్యాలెస్ హోటల్ 1903లో మొదలైంది. 2008 నవంబర్ 26న ఉగ్రవాదులు ఆ హోటల్‌పై దాడి చేసినప్పుడు అక్కడి సిబ్బందిలో ఎందరో పారిపోయే వీలున్నా ఆగిపోయి అతిథులను బయటికి పంపారు. ప్రాణాలు కోల్పోయినవారిలో సిబ్బంది కూడా ఉన్నారు. ఆ డిసెంబర్‌లోనే తాజ్ పబ్లిక్ సర్వీస్ వెల్ఫేర్ ట్రస్ట్ ఏర్పడింది. హోటల్ సిబ్బందికి మాత్రమే కాక, ఆ దాడుల్లో నష్టపోయిన బయటివారికి కూడా అది సహాయం చేసింది.

అప్పటికి 135వ సెక్షన్ లేదు. 2 శాతం లెక్క లేదు. అందుకే ఈ ఉదాహరణ ముఖ్యమైనది. బాధ్యత అనేది చట్టంతో పుట్టలేదని ఇది చెబుతుంది.

దీన్నుంచి మరో పాఠం కూడా నేర్చుకోవాలి. ఆ రాత్రి హోటల్ ప్రతిష్ఠను నిలబెట్టింది వంటవాళ్లు, వెయిటర్లు, టెలిఫోన్ ఆపరేటర్లు. విలాస హోటల్ అమ్మేది పాలరాతిని కాదు, మనుషుల శ్రద్ధను. అలాంటప్పుడు ఆ మనుషులకు సంస్థ ఏం చేస్తోంది అన్నదే మొదటి ప్రశ్న కావాలి. నివేదికల్లో అది తరచు ఆఖరి పేజీల్లో ఉంటుంది.

12.7 లెక్కలోకి రాని మనుషులు

దీనికి చట్టంలోనే ఒక కారణం ఉంది. కంపెనీ ఉద్యోగులకు మేలు చేసే కార్యక్రమాలను సామాజిక బాధ్యతా వ్యయంగా చూపడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఈ నియమం న్యాయమైనదే. కూలి ఇవ్వడం దానం కాదు కదా. తన పనివాళ్లకు చేయవలసింది చేసి దాన్ని సేవ అనుకోవడానికి వీల్లేదని చట్టం ఉద్దేశం.

కానీ ఫలితం వేరుగా వచ్చింది. సామాజిక బాధ్యత అంటే ప్రహరీ గోడ బయట చేసేది అన్న అభిప్రాయం స్థిరపడింది. బడికి బల్లలు ఇస్తే ఫొటో ఉంటుంది. లాండ్రీ కార్మికుడి పి.ఎఫ్. సక్రమంగా జమ చేస్తే ఫొటో ఉండదు. కాంట్రాక్టరు కింద ఉన్న హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, తోటపని సిబ్బంది అటు ఉద్యోగుల సంక్షేమంలోనూ, ఇటు సామాజిక బాధ్యతలోనూ కనిపించకుండా పోతారు. కాంట్రాక్టు కార్మికుల చట్టం, 1970 కాంట్రాక్టరు వేతనం చెల్లించకపోతే ప్రధాన యజమానే చెల్లించాలన్న సూత్రాన్ని ఏనాడో చెప్పింది. అంటే మధ్యలో తలుపు ఉందని చెప్పి హోటల్ తప్పుకోవడానికి లేదు.

నైపుణ్య శిక్షణ ఇంకో చిక్కు ప్రశ్న. గ్రామీణ యువతకు హౌస్‌కీపింగ్, వంట, వడ్డన నేర్పే శిక్షణ కేంద్రాలు హోటల్ కంపెనీలకు ఇష్టమైన కార్యక్రమం. వృత్తి నైపుణ్యాలు ఏడవ షెడ్యూలులో ఉన్నాయి కాబట్టి చట్టబద్ధమే. ఇది ఎందరికో మొదటి ఉద్యోగం ఇచ్చిందన్నదీ నిజమే. కానీ ఈ పరిశ్రమకు మనుషులు నిరంతరం కావాలి. శిక్షణ పొందినవారు ఆ హోటల్‌లోనే తక్కువ జీతానికి చేరితే అది సేవా, నియామక ఖర్చా? దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. శిక్షణ పొందినవారికి ఎక్కడైనా చేరే స్వేచ్ఛ ఉందా, ఏడాది తరవాత ఎందరు పనిలో ఉన్నారు, వారికి ఎంత వస్తోంది – ఈ మూడు తెలిస్తేనే నిర్ణయించగలం. ఎంతమందికి శిక్షణ ఇచ్చామన్న ఒక్క అంకె సరిపోదు.

డబ్బు లేకపోవడమే అడ్డంకి కాదనడానికి లెమన్ ట్రీ హోటళ్లను చూడండి. అది విలాస హోటళ్ల సంస్థ కాదు, మధ్యతరగతి ధరల సంస్థ. 2007 నుంచి అది వినికిడి, మాట లోపాలున్నవారిని మొదలుకొని వికలాంగులను మామూలు ఉద్యోగాల్లోకి తీసుకొంటోంది. వారికి తగినట్లు పని పద్ధతులను మార్చుకొంది. ఇది 2 శాతం పద్దులో రాదు. అయినా నా దృష్టిలో ఎన్నో పంపిణీ కార్యక్రమాలకంటే ఇది లోతైన సామాజిక బాధ్యత. ఎందుకంటే ఇక్కడ వ్యాపారం పక్కన దానం పెట్టలేదు, వ్యాపారం చేసే తీరునే మార్చారు.

12.8 నివేదికను ఎలా చదవాలి?

సామాజిక బాధ్యతా వార్షిక నివేదిక కంపెనీ డైరెక్టర్ల నివేదికకు అనుబంధంగా ఉంటుంది. అదిగాక, మార్కెట్ విలువ ప్రకారం మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు వ్యాపార బాధ్యత, సుస్థిరతా నివేదికను ఇవ్వాలని సెబీ 2022–23 ఆర్థిక సంవత్సరం నుంచి తప్పనిసరి చేసింది. ఇందులో శాశ్వత సిబ్బందినీ, ఇతర సిబ్బందినీ వేరువేరుగా చూపాలి. మధ్యగత వేతనం కూడా చెప్పాలి. ఇవి ఎవరైనా ఉచితంగా చూడగల పత్రాలు. చదివేటప్పుడు ఈ ఐదు ప్రశ్నలు దగ్గర పెట్టుకోండి.

1. ఈ పని చట్టం ప్రకారం ఎలాగూ చేయవలసిందేనా?
2. దీనివల్ల మొదట లాభపడేది ఎవరు – సమాజమా, హోటలా? ఇద్దరూ అయితే ఆ సంగతి ఒప్పుకొన్నారా?
3. అంకె దేనితో పోల్చి చెప్పారు? ఒక్కో గదికి నీటి వాడకం తగ్గిందంటున్నారు సరే, గదుల సంఖ్య రెట్టింపయితే మొత్తం వాడకం పెరిగి ఉండవచ్చు.
4. ఏయే హోటళ్లు ఈ లెక్కలో ఉన్నాయి? సొంతవి మాత్రమేనా, ఒప్పందం మీద నడిపేవి కూడానా?
5. ఎవరు కనిపించడం లేదు? కాంట్రాక్టు కార్మికులు, పొరుగున ఉన్న బస్తీవాసులు, నీటిని పంచుకొనే రైతులు?

ఐదవ ప్రశ్నకు సంబంధించి ఒక మాట. కంపెనీ తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని 135వ సెక్షన్ చెబుతుంది. అయితే ఇది మార్గదర్శకమే తప్ప తప్పనిసరి కాదని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021లో వివరణ ఇచ్చింది. అందువల్ల ఎక్కడో ఖర్చు చేసినా చట్టం ఒప్పుకొంటుంది. చట్టం ఒప్పుకొన్నంత మాత్రాన పొరుగువాడు ఒప్పుకోవాలని లేదు.

మీ ప్రగతిని తెలుసుకోండి : మీకు తెలిసిన ఒక లిస్టెడ్ హోటల్ కంపెనీ వార్షిక నివేదికను తీసుకొని, పై ప్రశ్నల్లో ఎన్నింటికి అందులో జవాబు దొరికిందో, ఎన్నింటికి దొరకలేదో ఒక పేజీలో రాయండి. దొరకని జవాబులు కూడా మీ పరిశీలనలో భాగమే.

12.9 సారాంశం

ఈ భాగంలో మనం మూడు విషయాలు గమనించాం. మొదటిది, 2 శాతం నియమం ఉపయోగకరమైనదే అయినా, లాభం తగ్గినప్పుడు అదీ తగ్గిపోతుంది, మేనేజ్‌మెంట్ ఒప్పందాలూ కాంట్రాక్టర్ల మధ్య బాధ్యత చీలిపోతుంది. రెండవది, పొదుపు, చట్టపాలన, వ్యాపారం, దాతృత్వం – ఈ నాలుగూ నివేదికల్లో కలిసిపోయి కనిపిస్తాయి. వాటిని విడదీయడమే విమర్శ. మూడవది, శ్రద్ధను అమ్మే పరిశ్రమలో ఆ శ్రద్ధను అందించే మనిషి పరిస్థితే బాధ్యతకు అసలు కొలత.

ఇక లాండ్రీ విద్యార్థి ప్రశ్న. ఆ రోజు చెప్పవలసిన జవాబు ఇది: రెండూ రాయండి. బడికి బల్లలిచ్చింది నిజం, దాన్ని దాచకండి. పి.ఎఫ్. లెక్క చెప్పనిది నిజం, దాన్నీ దాచకండి. మొదటిది ఏ మెట్టుమీద ఉందో, రెండవది ఏ మెట్టుమీద ఉందో చెప్పి, కింది మెట్టు విరిగి ఉంటే పై మెట్టుకు విలువ ఎంతో మీరే తేల్చండి. మార్కులు వేసేవారు కారణాలు చూస్తారు. పరీక్ష అయ్యాక, మీ భవిష్య నిధి ఖాతా నంబరు అడిగి తీసుకొని, జమ అవుతోందో లేదో మీరే చూసుకోండి. అది మీ హక్కు.

12.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. విలాస హోటళ్ల పరిశ్రమకు 135వ సెక్షన్‌ను వర్తింపజేయడంలో ఎదురయ్యే పరిమితులను ఉదాహరణలతో చర్చించండి.
2. 'దాతృత్వం చట్టానికి బదులు కాదు' – నెడియతురుత్తు రిసార్టు ఉదంతం ఆధారంగా విమర్శించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పచ్చపూత అంటే ఏమిటి? తువ్వాలు చీటీని పూర్తిగా పచ్చపూత అనవచ్చా?
2. ఉద్యోగుల సంక్షేమాన్ని సామాజిక బాధ్యతా వ్యయంగా చూపరాదన్న నియమం మంచిచెడ్డలు రాయండి.
3. హోటల్ కంపెనీ నడిపే నైపుణ్య శిక్షణ సేవా, నియామక ఖర్చా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.